నాడి మొదలు పాదరసము వఱకు

నిజాము రాజ్యకాలమున నాందేడు జిల్లాలోని ముధోలు తాలూకాకు చెందియుండిన భైంసా, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ముధోలు, కుభీరు సర్కిళ్లతోపాటు ఆ జిల్లానుండి విడివడి, తెలుగునాటనే నిలిచి, ఆదిలాబాదు జిల్లాలో చేరినది; 2016 నుండి నిర్మలు జిల్లాలోనిది. నల్లరేగడి నేలల నడుమ, సుద్దవాగు చెంత, పత్తి బేరమునకును జిన్నింగు మిల్లులకును పేరుపడిన యీ ఊర తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును ఒకే అంగడిలో వినవచ్చును. ఇట్టి సరిహద్దు ఊళ్లలో భాషలవలెనే వైద్యమును ముత్తెఱగుల నుండెడిది. మూలికల పొడులు నూరి యిచ్చు వైద్యుడొకడు, షర్బతులును మాజూనులును ఇచ్చు హకీమొకడు, సర్కారీ దవాఖానలోని డాక్టరొకడు. మందులు వేఱు, శాస్త్రములు వేఱు, రోగకారణమును గూర్చిన ఊహలును వేఱు. అయినను ఆ మువ్వురును రోగి ఎదుట కూర్చుండినంతనే చేయు మొదటిపని మాత్రము ఒక్కటే: వారు రోగి మణికట్టు పట్టుకొనెడివారు. ఆ పట్టిన చేతికి దేహములోని రక్తసంచారమును గూర్చి తెలియునదేమి, తెలియనిదేమి అను ప్రశ్నకు ఉత్తరము వెదకుటకై ఆ రాజ్యపు రాజధానియగు హైదరాబాదులోనే 1889లో ఒక మహాపరిశోధన జరిగినది. దానిని గూర్చి మన చరిత్ర గ్రంథములు మిక్కిలి తక్కువగా చెప్పినవి. కావున ఆ కథను మొదటినుండి చెప్పుట ఉచితమని తోచుచున్నది.

చరక సుశ్రుతములలో నాడీపరీక్షకు ప్రత్యేకస్థానము లేదు. దానిని చికిత్సకు ముందు చేయవలసిన పరీక్షగా సుస్పష్టముగ చెప్పిన గ్రంథములలో శార్ఙ్గధర సంహిత మొదటి వరుసలోనిది. అంగుష్ఠమూలమున కొట్టుకొను ధమనిని జీవసాక్షిణిగా పరిగణించి, వాతము ప్రకోపించినపుడు అది జలగవలెను సర్పమువలెను, పిత్తము ప్రకోపించినపుడు కాకివలెను కప్పవలెను, కఫమున హంసవలెను పావురమువలెను నడచునని ఆ శాస్త్రము నిర్ణయించినది. తెలుగునాట వైద్యుల ఇండ్ల తాళపత్రములలో విశేషముగ ప్రచారమందిన బసవరాజీయమును నాడీపరీక్షకు పెద్దపీట వేసినది. పురుషునకు కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి చూచుట, ఉదయవేళ రోగి భుజింపకమునుపు చూచుట, మూడు వ్రేళ్లను వరుసగ నుంచి ఒక్కొక్క వ్రేలిక్రింద ఒక్కొక్క దోషము గతిని గుర్తించుట అను ఆచారములు గురుశిష్య పరంపరగా వచ్చినవి. హకీములు దీనినే నబ్జు అనిరి. వారి విద్య గ్రీకు వైద్యుడగు గేలనునుండి అరబ్బుల ద్వారమున, ఇబ్న్ సీనా గ్రంథము ద్వారమున దక్కనుకు వచ్చినది. నాడి వెడల్పు, ఎత్తు, వేగము, మృదుత్వము, కాఠిన్యము అను లక్షణములను వారు సూక్ష్మముగా విభజించిరి. కఠినమైన నాడి యొకటి యున్నదని వారెఱుగుదురు. నొక్కినను లొంగని ఆ తీగవంటి నాడిలో అధికరక్తపీడనమే దాగియుండెనని ఇప్పుడు మనము చెప్పగలము. దానిని కొలుచు ఉపాయము మాత్రము వారికడ లేకపోయెను.

వ్రేలికి అందునది రక్తప్రవాహమని సామాన్యులే కాదు, చదివినవారును తలంతురు. అది నిజము కాదు. హృదయపు ఎడమ జఠరిక ఒక్కొక్క సంకోచమున సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును మహాధమనిలోనికి నెట్టును. ఆ త్రోపునకు ధమని గోడ సాగును. ఆ సాగుట ఒక అలయై గోడవెంట ముందునకు పరుగిడును. ఈ అల వేగము సెకనుకు 5 మొదలు 10 మీటర్ల వఱకు నుండును. రక్తమన్ననో మహాధమనిలో సైతము సగటున సెకనుకు 20, 30 సెంటీమీటర్లకంటె త్వరగా నడవదు. కావున మణికట్టున వ్రేలిని తాకిన అలను పుట్టించిన రక్తము ఆ క్షణమునకు ఇంకను ఱొమ్ములోనే యుండును. వైద్యుడు ఎఱిగినది గోడ కదలికను; ప్రవాహమును కాదు. మోటబావి కడ దీనికొక పోలిక కలదు: ఎద్దులు దిగినప్పుడెల్ల మోట ఒక్కుమ్మడిగ తొట్టిలో నీరు కుమ్మరించును, ఎద్దులు వెనుకకు నడచునంతసేపును మోటనుండి చుక్కయు రాదు, అయినను తొట్టినుండి వెడలు కాలువలో నీరు ఎడతెగక పాఱుచునే యుండును. సాగు గుణముగల పెద్ద ధమనులు దేహమున ఆ తొట్టి పని చేయుచున్నవి. హృదయము విశ్రమించు వేళ అవి మెల్లగ ముడుచుకొని, తమయందు నిలిచిన రక్తమును ముందునకు నడుపును. ఆ కారణముననే హృదయము వదులైన క్షణమునను ధమనులలో పీడనము శూన్యము కాదు. వృద్ధాప్యమున ధమనులు గట్టిపడి ఈ సాగు గుణము నశించినప్పుడు పై అంకె పెరుగుటయు, క్రింది అంకె తగ్గుటయు కూడ దీనివలననే.

రక్తము కాలేయమున పుట్టి, దేహమున వ్యయమై పోవుననియు, హృదయపు నడిమి గోడలోని సూక్ష్మరంధ్రములగుండ కుడినుండి ఎడమకు చెమర్చుననియు గేలను చెప్పినదానిని 13వ శతాబ్దిలో ఇబ్న్ అల్-నఫీసు ఖండించెను. ఆ గోడలో రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తులగుండనే ఎడమప్రక్కకు చేరవలెననియు ఆయన వ్రాసెను. యునానీ వైద్యమును తమదిగా చెప్పుకొను హకీములలో ననేకులకు తమ పరంపరలోనే యింతటి సత్యమొకటి మరుగుపడి యున్నదని 20వ శతాబ్దివఱకు తెలియకపోవుట శోచనీయము. 1628లో, గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుచున్న కాలమున, ఇంగ్లండు వైద్యుడగు విలియం హార్వే తన గ్రంథమును ప్రకటించెను. ఆయన వాదము గణితముపై నిలిచినది: హృదయము అరగంటలో నెట్టు రక్తమును లెక్కించినచో అది దేహమందలి మొత్తము రక్తమునే మించిపోవును, తినిన ఆహారమునుండి అంత రక్తము నిమిషనిమిషమును పుట్టుట అసంభవము, కావున అదే రక్తము మరలమరల తిరుగవలెను. నేటి కొలతలలో చెప్పినచో నిమిషమునకు సుమారు 5 లీటర్లు, అనగా దేహమందలి రక్తమంతయు దాదాపు ఒక్క నిమిషమున హృదయము దాటి మరల హృదయమును చేరుచున్నది. ధమనులనుండి సిరలకు పోవు మార్గమును హార్వే చూడలేదు. 1661లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికలను సూక్ష్మదర్శినితో కనుగొనెను.

ప్రవాహము తెలిసిన పిమ్మట పీడనమును కొలుచుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1733లో ప్రకటితమైన తన గ్రంథమున స్టీఫెన్ హేల్సు అను మతాచార్యుడు ఒక గుఱ్ఱమును కట్టి పడవేసి, తొడ ధమనిలో ఇత్తడి గొట్టము నుంచి, దానికి పొడవైన గాజు గొట్టము నతికించిన వృత్తాంతమును చెప్పినాడు. రక్తము 8 అడుగుల 3 అంగుళముల ఎత్తున కెగసి, అక్కడ నాడితోపాటు పైకిని క్రిందికిని ఊగినదట. 1828లో ప్వాజయ్ ఆ పొడవు గొట్టమునకు మాఱుగా పాదరసము నింపిన వంపు గొట్టము నుపయోగించెను. పాదరసము నీటికంటె పదుమూడు రెట్లకు పైగా బరువగుటచేత నిలువెత్తు స్తంభము జానెడై బల్లమీద ఇమిడినది. నేటికిని రక్తపీడనమును మిల్లీమీటర్ల పాదరసముతోనే చెప్పుటకు మూలమదియే. గొట్టము వ్యాసార్ధము సగమైనచో ప్రవాహము పదునాఱవ వంతునకు పడిపోవునను నియమమును ఆయనయే నిరూపించెను. ఈ నియమము దేహమున సూక్ష్మధమనుల కండలు రవంత ముడిచినను పీడనమెంత మాఱునో తెలుపుచున్నది. 1847 ప్రాంతమున కార్ల్ లూడ్విగు ఆ పాదరసముపై తేలియాడు బిళ్లను, బిళ్లకొక సూదిని అమర్చి, మెల్లగ తిరుగు పీపాకు చుట్టిన మసిపట్టిన కాగితముపై ఆ సూదిచేత గీత గీయించెను. జీవించియున్న ప్రాణి రక్తపీడనము తన చరిత్రను తానే వ్రాసికొనుట లోకమున అదే మొదలు. ఈ యంత్రమునకు కైమోగ్రాఫని పేరు.

ఈ యంత్రమే హైదరాబాదునకు వచ్చినది.

కథ క్లోరోఫారముతో మొదలైనది. 1847లో ఎడింబరోలో సింప్సన్ దానిని మత్తుమందుగా వాడుక చేసిన కొలది మాసములకే, 1848 జనవరిలో, కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన హన్నా గ్రీనరను పదునైదేండ్ల బాలిక దానిని పీల్చి రెండు మూడు నిమిషములలో మరణించెను. అదిమొదలు వైద్యలోకము రెండుగా చీలినది. క్లోరోఫారము హృదయమును ఆకస్మికముగ ఆపి చంపునని లండను వారి వాదము. అది శ్వాసకేంద్రమును మొదట అణచుననియు, ఊపిరి నిలిచిన తరువాతనే హృదయము నిలుచుననియు, కావున నాడిని పట్టుకొని కూర్చుండుట నిరర్థకమనియు, రోగి ఊపిరినే కనిపెట్టుకొని యుండవలెననియు ఎడింబరో శస్త్రవైద్యుడు సైము వాదము. ఆ సైము శిష్యుడు ఎడ్వర్డు లారీ. లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, 1846లో స్థాపితమైన అచ్చటి వైద్యపాఠశాల భారమును కూడ వహించెను. వేలకొలది శస్త్రచికిత్సలు చేయించి, తన విద్యార్థులకు నాడిని మఱచి ఊపిరిని చూడుడని కఠినముగ నేర్పెను. మణికట్టును పట్టుటతోనే వైద్యము మొదలగు దేశమున, శస్త్రచికిత్స బల్లకడ మణికట్టు ముట్టరాదను ఈ శాసనము ఎంత వింతగ తోచియుండునో ఊహింపవచ్చును.

1888లో లారీ ప్రేరణచే మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడి, కుక్కలపై ప్రయోగములు జరిపి, ఎల్ల సందర్భములందును ఊపిరియే ముందు నిలుచుచున్నదని తేల్చెను. లండనులోని లాన్సెటు పత్రిక ఈ తీర్పును సంశయించినది. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము వేయి పౌండ్లిచ్చి, ఆ పత్రికయే తనకు నమ్మకమైన శాస్త్రజ్ఞుని పంపి సత్యము తేల్చుకొనవచ్చునని ఆహ్వానించెను. విమర్శకునే తన వ్యయమున పిలిపించి పరీక్షింపుమన్న ఆ ప్రభుత్వపు ధైర్యము నేటికిని శ్లాఘింపదగినది. భైంసా యుండిన ముధోలు వంటి పత్తి తాలూకాల శిస్తు చేరిన ఖజానానుండియే ఆ ధనము వెడలినదను సంగతియు ఈ జిల్లా పాఠకులు గుర్తుంచుకొనదగినదే. లాన్సెటు పంపినది సామాన్యుని కాదు. హృద్రోగపు నొప్పికి ఏమిల్ నైట్రయిటు వాడి 1867లోనే ఖ్యాతి గాంచిన లాడర్ బ్రంటన్. క్లోరోఫారము హృదయమును చంపుననియే అంతవఱకు నమ్మినవాడు. 1889 చివరి మాసములలో బ్రంటను, లారీ, బొంఫర్డు, రుస్తుంజీ హకీము కూడి రెండవ కమిషనుగ పనిచేసిరి. వైద్యపాఠశాలలో 1885లో చేరిన మొదటి విద్యార్థినులలో నొకతెయైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పనిలో పాల్గొని, తదుపరి దశాబ్దులలో హైదరాబాదు ఆసుపత్రులలో మత్తుమందిచ్చు వైద్యురాలై, ఆ వృత్తి నవలంబించిన స్త్రీలలో లోకమున అగ్రగణ్యగా ప్రసిద్ధి కెక్కినది.

ఆ గదిలో జరిగినది మనస్సునకు తెచ్చుకొందము. బల్లపై కట్టబడిన కుక్క, దాని ధమనిలో గొట్టము, గొట్టమునకు పాదరసము, పాదరసముపై సూది, సూదికి ఎదురుగ మెల్లగ తిరుగు పీపా. ముక్కుకడ క్లోరోఫారము పెట్టిన కొలది సేపటికి సూది గీయు గీత ఎత్తునుండి దిగుటకు మొదలిడును. గుండె కొట్టుకొన్నపుడెల్ల దానిపై చిన్న పంటివంటి గుర్తు పడును. ఊపిరి పీల్చినప్పుడెల్ల పెద్ద అల పడును. ఊపిరి అల నిలుచును. గుండె గుర్తులు మాత్రము ఇంకను కొంతసేపు సాగి, క్రమముగ సన్నగిల్లి, చివరకు నేలబారు గీతగా మాఱును. ఇట్లు 490 ప్రాణులు, అనగా కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, ప్రయోగమునకు లోనైనవని, వానిలో 120 ప్రాణులకు పీడనమాపకము అమర్చబడినదని, గీతలన్నిటికి ఛాయాచిత్రములు తీయబడినవని తంతివార్త లండనుకు చేరెను. క్లోరోఫారము ప్రమాదము ఊపిరాడకపోవుటవలనను అధికమాత్రవలననే కాని, హృదయముపై నేరుగ ఏమియు లేదని బ్రంటను కూడ ఒప్పుకొనెను. అంత పేరుగల శాస్త్రజ్ఞుడు ఎదుట కనబడిన సాక్ష్యమునకు లొంగి తన అభిప్రాయమును మార్చుకొనెనని నాటి పత్రికలు కొనియాడినవి. కమిషను నివేదిక 1891లో బొంబాయిలో అచ్చుపడినది.

అయినను వారి తీర్పు తప్పు. దాని తప్పెచ్చట నున్నదో విచారించినచో రక్తప్రవాహమునకును పీడనమునకును గల సంబంధమంతయు బోధపడును గనుక ఇక్కడ కొంత నిలువవలెను. పీడనము రెండింటి గుణకారమువలన పుట్టును: హృదయము నెట్టు రక్తము ఒకటి, సూక్ష్మధమనులు దానికి చేయు అడ్డు రెండవది. గీత దిగినదనగా ఈ రెండింటిలో ఏదో యొకటి తగ్గినదనియే అర్థము. ఏది తగ్గినదో గీత చెప్పదు. సూక్ష్మధమనులు వదులై గీత దిగినచో హృదయమునకు కీడు లేదు, పని తేలికయు కావచ్చును. హృదయమే నీరసించి రక్తమును తక్కువగ నెట్టుటచే గీత దిగినచో అది మృత్యువునకు తొలిమెట్టు. ఆ దిగుట మెదడులోని నాళకేంద్రము అణగుటవలన కలిగినదనియు, అది నిరపాయమనియు, పైపెచ్చు మందు త్వరత్వరగ మెదడునకు చేరకుండ కాపాడుచున్నదనియు కమిషను వారు భావించిరి. పీడనమును కొలిచిరి, ప్రవాహమును కొలువలేదు. వారి కొలత తప్పుకాదు. గీతలు నేటికిని నిర్దుష్టములు. వానికి చెప్పిన అర్థము మాత్రము చాలనిది.

1893లో గాస్కెలు, షోరు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు ఒక ప్రాణి మెదడునకు మఱియొక ప్రాణి ధమనులనుండి రక్తమందునట్లు సంధించి, క్లోరోఫారమును ఒకమాఱు మెదడునకు మాత్రమే, మఱొకమాఱు దేహమునకు మాత్రమే పోనిచ్చి చూచిరి. మెదడునకు మాత్రమే చేరినప్పుడు పీడనము పడిపోలేదు. హృదయమున్న దేహమునకు చేరినప్పుడే పడిపోయెను. మందు హృదయమునే నేరుగ నీరసింపజేయుచున్నదని దీనివలన స్పష్టమైనది. అదే 1889లో, హైదరాబాదున పీపా తిరుగుచుండగా, స్కాట్లండులోని అబర్డీనులో మక్‌విలియం అను శాస్త్రజ్ఞుడు ఆకస్మిక మరణములకు జఠరికాకంపనము, అనగా హృదయపు కండపోగులు ఒక్కటిగా సంకోచింపక దేనికది వణకి రక్తమును నెట్టలేకపోవుట, కారణమని వ్రాసియుండెను. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ రెండు తీగలను కలిపెను: క్లోరోఫారము గాఢముగ నున్నప్పుడు కాదు, పలుచగ నున్నప్పుడే, భయమువలననో నొప్పివలననో ఎడ్రినలిను రక్తమున పొంగినప్పుడే, ఆ కంపనము సంభవించి ప్రాణము పోవుచున్నదని చూపెను. హన్నా గ్రీనరు భయముతో మందు పీల్చిన బాలిక. మత్తు ఇంకను పూర్తిగ ఎక్కలేదు. హైదరాబాదు కుక్కలలో పెక్కు గాఢమత్తున మునిగినవి గనుక ఈ మృత్యువు వారి గీతలలో అరుదుగానైనను సరిగ కనబడలేదు. లారీ తన మతమును విడువలేదు. విడువకపోవుట ఆయన శిష్యుల రోగులకు మేలే చేసినది కూడ, ఏలయన ఊపిరిని అంత శ్రద్ధతో కనిపెట్టిన వైద్యులు ఆ కాలమున మిక్కిలి అరుదు. మెచ్చుకొనదగిన అలవాటొకటి తప్పు సిద్ధాంతమునుండి పుట్టుట వైద్యచరిత్రలో ఇదొక్కటే కాదు.

ధమనిని కోయకయే పీడనమును కొలుచు ఉపాయము ఇంతలో సిద్ధమగుచుండెను. 1896లో ఇటలీలోని ట్యూరిను నగరమున రీవా రోచీ సైకిలు ట్యూబువంటి రబ్బరు పట్టీని భుజమునకు చుట్టి, గాలి కొట్టి, మణికట్టున నాడి ఆగిపోవు వఱకు బిగించి, అప్పుడు పాదరసమెంత ఎత్తున నున్నదో చూచెను. హకీమును వైద్యుడును పట్టిన అదే నాడి ఇక్కడ మరల పనికివచ్చినది. అయితే నాడి నడక ఎట్లున్నదని కాక, ఎంత బరువున కది లొంగినదని అడుగుట మొదలైనది. 1905లో, ఆదిలాబాదు ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన సంవత్సరముననే, రష్యాలో కొరోట్కొవ్ అను యువ శస్త్రవైద్యుడు పట్టీక్రింద మోచేతి మడతలో స్టెతస్కోపు నుంచి విన్నాడు. పట్టీ పూర్తిగ బిగిసియున్నప్పుడు నిశ్శబ్దము; గాలి వదలగా వదలగా, రక్తము ఒక్కొక్క సంకోచమున ఇఱుకున దూరునప్పుడు టక్కుటక్కుమను చప్పుడు; ధమని పూర్తిగ తెఱచుకొనినంతట చప్పుడు మాయము. మొదటి చప్పుడునాటి అంకె హృదయసంకోచపు పీడనము, చప్పుడు మాయమైననాటి అంకె వ్యాకోచపు పీడనము. ఆయన చదివిన పత్రము ఒక పుటకు మించలేదు. లోకమందలి ప్రతి దవాఖానకును చేరినది.

ఆరోగ్యవంతునకు 120, 80 అని చెప్పు ఈ అంకెలు మహాధమని కొలతలకు దగ్గఱవి. సూక్ష్మధమనులు దాటి కేశనాళికలకు చేరుసరికి పీడనము 35 మిల్లీమీటర్ల ప్రాంతమునకు, అచ్చటినుండి సిరలు దాటి హృదయపు కుడి కర్ణికకు చేరుసరికి శూన్యమునకు దగ్గఱగా పడిపోవును. ఈ పీడనమును నిలుపు కాపలా ఎడతెగక జరుగుచుండును. కార్తీకమాసమున భైంసా చుట్టుపట్ల పత్తిచేలలో స్త్రీలు నడుమునకు ఒడి కట్టుకొని, ఉదయమునుండి వంగి కాయ కాయకు చేయి చాచి పత్తి ఏఱుదురు. చాలసేపు వంగిన స్త్రీ నిండిన ఒడితో దిగ్గున లేచి నిలుచున్నప్పుడు బరువుచేత అరలీటరుకు పైగా రక్తము కాళ్ల సిరలలోనికి జాఱును. హృదయమునకు మరలివచ్చునది తగ్గును. మెడలోని ధమనుల చీలికకడ నున్న నాడీతంతువులు గోడ సాగుట తగ్గినదని ఆ క్షణమే మెదడునకు తెలుపును. మెదడు హృదయమును వేగపఱచి, సూక్ష్మధమనులను ముడుచును. ఇదంతయు కొలది సెకన్లలో జరిగిపోవును. ఎండ తీవ్రమై చర్మపు నాళములు వదులై, నీరు త్రాగక దేహము ఎండినప్పుడు ఈ కాపలా చాలక, ఆమె కండ్లకు చీకట్లు క్రమ్మి గట్టుమీద కూలబడును. రక్తము పీడనము లేక మెదడునకు ఎక్కలేదని దాని అర్థము. తోడి స్త్రీలు ఆమెను పండుకొనబెట్టి, కాళ్లు ఎత్తి, నీళ్లు త్రాపుదురు. ఏ గ్రంథమును చదువకయే వారు సరియైన పనియే చేయుచున్నారు.

పీడనము తగ్గుట ఇట్లు వెంటనే తెలియును, పెరుగుట తెలియదు. అందువలననే దానిని రోగముగ గుర్తించుటకు లోకమునకు చాలకాలము పట్టినది. అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు 1945 ఏప్రిలు 12న మెదడులో రక్తనాళము చిట్లి మరణించినప్పుడు ఆయన పీడనము 300 దాటిన పై అంకెను తాకియుండెను; అంత గొప్ప దేశమున అంత గొప్పవానికిని ఇచ్చుటకు నమ్మకమైన మందు లేకుండెను. మందు మన దేశపు వేరులో నుండెను. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహముతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ సర్పగంధ వేరునుండి క్షారాభములను వేఱుచేసి 1931లో ప్రకటించెను. అదే సంవత్సరము కలకత్తాలో గణనాథ సేను, కార్తికచంద్ర బోసు అదే వేరు రక్తపీడనమును దించుచున్నదని వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగులపై దాని ఫలితములను ఇంగ్లండులోని హృద్రోగపత్రికలో ప్రకటింపగా లోకము కన్ను తెఱచినది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రిసర్పినును వేఱుచేసిరి. నాడి కఠినత్వమును చేతితో గుర్తించిన హకీముల పరంపరయు, మూలికలు నూరిన వైద్యుల పరంపరయు, ఎంతో ఆలస్యముగనైనను, ఈ కథలో ఇట్లు పాలుపంచుకొన్నవి. రిసర్పిను మనస్సును క్రుంగదీయునని తెలిసిన తరువాత దాని వాడుక తగ్గినది. సూక్ష్మధమనుల కండను వదులుపఱచు ఆమ్లోడిపిన్ వంటి మందులు దాని స్థానమును పొందినవి.

2018 నాటికి మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు తొలి విడతన ఎన్నుకొనబడిన ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. నేడు భైంసా ప్రభుత్వాసుపత్రిలోనైనను, చుట్టుపట్ల ఉపకేంద్రములలోనైనను ముప్పదేండ్లు దాటిన ప్రతివారికి పట్టీ చుట్టుదురు. బస్సు దిగి ఎండలో నడచివచ్చిన వృద్ధుడు బల్లమీద కూర్చుండకమునుపే చేయి చాచును. “జెర్రసేపు ఊకె కూసో బాపూ, మాట్లాడకు” అని నర్సమ్మ చెప్పును. “నాకేం రోగం లేదు బిడ్డా, తల తిరుగుతలేదు, నొప్పి లేదు” అని ఆయన అనును. ఆమె మాట మర్యాదకై చెప్పినది కాదు. నడచిన అయిదు నిమిషములలోపల కొలిచినచో అంకె పెరుగును. మాటాడుచు కొలిచినను పెరుగును. చేయి హృదయముకంటె 10 సెంటీమీటర్లు దిగువను వ్రేలాడినచో ఆ ఎత్తునకు తగిన రక్తస్తంభపు బరువే 7, 8 మిల్లీమీటర్లు అదనముగ చూపును. చొక్కా చేతిమీదనే పట్టీ చుట్టినచో మఱియు తప్పు. రెండుమాఱులు కొలిచి, వేఱొక దినమున మరల కొలిచి, పై అంకె 140గాని క్రింది అంకె 90గాని చేరినచో గోలీలు వ్రాయుదురు. “గోలీలు ఒడిసినయ్, మంచిగనే ఉన్న” అని మానివేసిన వారిని ఇంటికి పోయి పిలుచుకొని వచ్చుట ఆశా కార్యకర్తల పని; ఈ పోరాటమున కష్టమైన భాగము అదియే. జొన్నరొట్టెతో తినునట్టి తొక్కులోని ఉప్పు తగ్గించుడని చెప్పుట అంతకంటె కష్టము, ఏలయన ఉప్పు అధికమైనపుడు మూత్రపిండములు నీటిని నిలుపుకొని రక్తపు పరిమాణమును పెంచునను సంగతి నాలుకకు తెలియదు.

పాదరసము ఇప్పుడు బల్లలమీదినుండి తొలగిపోవుచున్నది. మినమాటా ఒప్పందము ననుసరించి దాని వాడుకకు స్వస్తి చెప్పు దేశములలో భారతమును ఉన్నది. కొరోట్కొవ్ విన్న చప్పుడునకు బదులు, పట్టీలో కలుగు సూక్ష్మకంపనములనుండి అంకెలను లెక్కించు చిన్న యంత్రములు వచ్చినవి. లారీ మరణించి శతాబ్ది దాటినది. క్లోరోఫారము శస్త్రచికిత్సాగృహమును విడిచి చాలకాలమైనది. తెలంగాణలోని ఏ ఏరియా ఆసుపత్రిలోనైనను నేడు కడుపు కోసి కాన్పు చేయునప్పుడు మత్తువైద్యుడు తల్లి ఊపిరిని చూచును, వ్రేలి కొనకు తగిలించిన పరికరమున నాడిని, రక్తమందలి ప్రాణవాయువును చూచును, భుజమునకు చుట్టిన పట్టీ కొలది నిమిషముల కొకమాఱు తనంతట తానే బిగిసి పీడనమును వ్రాయును, ఱొమ్ముపై అతికించిన తీగలు హృదయపు విద్యుత్తరంగములను తెరపై గీయును. జఠరికాకంపనము మొదలైన క్షణమే ఆ గీతలో కనబడును.